శాలరీ క్యాప్ కింద ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు లెక్క: మూడేళ్ల పట్టిక వేసుకునే పద్ధతి

2025 సీజన్‌కి అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్కో జట్టు ఆటగాళ్ల జీతాల పద్దుకి మూల పరిమితి 27.92 కోట్ల డాలర్లు. అంటే 279.2 మిలియన్లు. ఈ హద్దునే శాలరీ క్యాప్ అంటారు. 1994లో అది మొదలైనప్పుడు ఈ అంకె 34.6 మిలియన్లు. మూల పరిమితి ముప్పై రెండు జట్లకీ ఒక్కటే. డల్లాస్ యజమాని ఎంత సంపన్నుడైనా చిన్న ఊరు గ్రీన్ బేకి ఉన్న హద్దే ఆయనకూ ఉంటుంది. డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఉంటూ డల్లాస్ జట్టు కౌబాయ్స్ ఆటలు చూసే మనవాళ్లకి ప్రతి మార్చిలోనూ ఒకటే సందేహం: ఇంత డబ్బున్న జట్టు అంత మంచి ఆటగాణ్ని ఎందుకు వదులుకుంది? ఆ జట్టు పట్టిక వేసి చూస్తే చాలాసార్లు జవాబు దొరుకుతుంది. మ్యాడెన్ వీడియోగేమ్‌లో ఫ్రాంచైజ్ మోడ్ ఆడేవాళ్లకీ, క్యాప్ ఉన్న ఫాంటసీ లీగ్ నడిపేవాళ్లకీ కూడా ఈ పద్ధతి పనికొస్తుంది. ఇక నుంచి అంకెలన్నీ మిలియన్ డాలర్లలోనే.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడ్డవాళ్లు మొదట ఒక చోట తడబడతారు. 2025 ఐపీఎల్‌కి జట్టు పర్సు 120 కోట్ల రూపాయలు. సన్‌రైజర్స్ ఐదుగురిని 75 కోట్లకు అట్టిపెట్టుకుంది, వేలానికి 45 కోట్లతో వచ్చింది. అక్కడితో లెక్క తేలిపోయింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాడి చేతికి ఈ ఏడాది ముట్టే డబ్బు వేరు, ఈ ఏడాది క్యాప్‌లో పడే అంకె వేరు. మార్చిలో 30 మిలియన్ల చెక్కు ఇచ్చి ఆ ఏడాది పద్దులో 6 మాత్రమే చూపించవచ్చు. మిగిలిన 24 ముందు సంవత్సరాల్లో కూర్చుని ఉంటుంది. జట్టును నడపడమంటే ఆ 24 ఏ ఏడాది ఎంత బయటపడుతుందో ముందే తెలుసుకుని ఉండటం. ఒక్క ఏడాది పట్టిక వేసుకుంటే మోసపోతారు. కనీసం మూడేళ్లవి పక్కపక్కన ఉండాలి.

ముందు ఒక్క కాంట్రాక్టు విప్పండి

ఒక ఎడ్జ్ రషర్‌కి (అంచు నుంచి దూసుకెళ్లే డిఫెన్స్ ఆటగాడికి) నాలుగేళ్లకు 80 ఇచ్చారనుకుందాం. అందులో 30 సైనింగ్ బోనస్, అంటే సంతకం చేసినందుకు ముందే ఇచ్చే మొత్తం. బేస్ శాలరీలు వరుసగా 2, 12, 17, 19. బోనస్‌ను కాంట్రాక్టు సంవత్సరాల మీద సమానంగా పంచుతారు, గరిష్ఠంగా ఐదేళ్లు. ఇక్కడ నాలుగేళ్లే కాబట్టి ఏడాదికి 7.5. ఆ వాటాను బేస్ శాలరీకి కలిపితే క్యాప్ హిట్ వస్తుంది: 9.5, 19.5, 24.5, 26.5. మొత్తం కూడితే 80 రావాలి. రాకపోతే ఎక్కడో పొరపాటు పడిందన్నమాట. ఏ కాంట్రాక్టునైనా పట్టికలోకి ఎక్కించాక ఈ కూడిక చేసి చూడకుండా ముందుకు పోవద్దు.

ఈ ఆటగాణ్ని మూడో ఏడాది మొదట్లో తీసేస్తే ఏమవుతుంది? ఇంకా పద్దులోకి రాని బోనస్ వాటాలు రెండు మిగిలాయి, 7.5 చొప్పున 15. అవి ఒకేసారి ఆ ఏడాది మీద పడతాయి. ఇదే డెడ్ మనీ: ఆటగాడు లేడు, అంకె మాత్రం ఉంటుంది. క్యాప్ హిట్ 24.5లోంచి 15 తీసేస్తే మిగిలేది 9.5. అభిమానులు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. "అతని మీద 24.5 పెడుతున్నారు, పంపేస్తే 24.5 మిగులుతుంది" అనుకుంటారు. 17 బేస్ శాలరీకి గ్యారంటీ (పంపేసినా ఇచ్చి తీరాలనే హామీ) లేనప్పుడే ఆ 9.5 కూడా దక్కేది. గ్యారంటీ ఉంటే డెడ్ మనీ 32కి చేరి, ఉంచుకునే ఖర్చు కన్నా పంపే ఖర్చు ఎక్కువవుతుంది.

కాబట్టి ప్రతి ఆటగాడికీ, ప్రతి ఏడాదికీ ఈ గడులు పెట్టుకోండి: బేస్ శాలరీ, అందులో గ్యారంటీ ఎంత, బోనస్ వాటా, మిగతా బోనస్‌లు, క్యాప్ హిట్, జూన్ 1కి ముందు తీసేస్తే డెడ్ ఎంత, తర్వాత తీసేస్తే ఎంత (ఈ తేడా కింద చెబుతాం), గ్యారంటీ ఖాయమయ్యే తేదీ. చివరి గడిని చాలామంది వదిలేస్తారు. డెన్వర్ జట్టు కథ చూస్తే దాని విలువ తెలుస్తుంది. 2024 మార్చిలో క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) రస్సెల్ విల్సన్ ఇంకా జట్టులో ఉండగానే, ఆ నెలలోనే మొదలయ్యే లీగ్ ఏడాది ఐదో రోజు దాటితే అతని 2025 జీతంలో 37 మిలియన్లు గ్యారంటీ అయిపోయేవి. డెన్వర్ ఆలోపే వదిలేసింది. అయినా రెండేళ్లలో కలిపి సుమారు 85 మిలియన్ల డెడ్ మనీ పడింది, 2024లో 53, 2025లో 32 దాకా. ఆ తేదీ కూడా దాటనిచ్చి ఉంటే మోత ఇంకా పెరిగేది.

వివరాలు ఎక్కడ దొరుకుతాయంటే, ఓవర్ ద క్యాప్, స్పాట్రాక్ అనే రెండు సైట్లు కాంట్రాక్టుల్ని సంవత్సరాలవారీగా విడదీసి పెడతాయి. రెండింటిలో అంకె తేడా వస్తే సాధారణంగా ఇన్సెంటివ్‌ల (లక్ష్యం సాధిస్తే ఇచ్చే అదనపు డబ్బు) దగ్గరో, ఆటకింత అని ఇచ్చే రోస్టర్ బోనస్ దగ్గరో ఉంటుంది. ముందు అక్కడ చూడండి.

జట్టు మొత్తం లెక్క

ఒక ఊహా జట్టు తీసుకుందాం. మూల క్యాప్ 279.2. నిరుడు వాడకుండా మిగిలిన 8 ఈ ఏడాదికి తెచ్చుకున్నారు. నిరుడు ఎవరో ఊహించని ఇన్సెంటివ్‌లు అందుకోవడంతో 1.2 కోత పడింది. సవరించిన క్యాప్ 286.0. ఇదే మీ అసలు హద్దు. వార్తల్లో వచ్చే 279.2ని పట్టుకుని కూర్చుంటే మొదటి గీతలోనే లెక్క తప్పుతుంది.

మార్చి నుంచి సీజన్ మొదలయ్యే దాకా జట్టులో 90 మంది వరకు ఉండొచ్చు, కానీ క్యాప్‌లోకి వచ్చేది అత్యధిక క్యాప్ హిట్ ఉన్న 51 మందే. ఆ 51 కిందివాళ్ల బేస్ శాలరీ లెక్కలోకి రాదు. బోనస్ వాటా మాత్రం వస్తుంది. మన జట్టులో ఆ 51 మందికి 241.5 అయింది, వెళ్లిపోయినవాళ్ల డెడ్ మనీ 22 ఉంది. 286లోంచి 263.5 పోతే 22.5 ఖాళీ. పత్రికల్లో "క్యాప్ స్పేస్" అని వేసే అంకె ఇదే.

ఈ 22.5 అంతా ఖర్చుపెట్టే జనరల్ మేనేజర్ సెప్టెంబర్‌లో ఇరుక్కుంటాడు. ఎందుకంటే ఇందులోంచి నాలుగు రకాల ఖర్చులకు డబ్బు పక్కకు పెట్టాలి.

మొదటిది రూకీలు, అంటే డ్రాఫ్ట్‌లో (జట్లు ఏటా కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే తంతు) వచ్చే కొత్తవాళ్లు. డ్రాఫ్ట్ చేసినవాళ్లందరి జీతం కూడి తీసేస్తే అది కూడా తప్పే. కొత్తవాడు టాప్ 51లోకి వస్తే ఒక పాతవాడు కిందికి జారతాడు. ముగ్గురు రూకీలు 4.0, 2.2, 1.5 క్యాప్ హిట్‌లతో లోపలికొస్తే 7.7. వాళ్లు బయటికి నెట్టిన ముగ్గురిదీ తలా 0.96 అయితే 2.88. నికరంగా పెరిగేది 4.8 మాత్రమే. చివరి రౌండ్లలో తీసుకున్నవాళ్లు 51లోకి రారు, వాళ్ల చిన్న బోనస్ వాటాలు మాత్రం కలుస్తాయి.

రెండోది, సీజన్ మొదలవగానే 53 మంది జట్టులోని 52వ, 53వ ఆటగాళ్లు కూడా పద్దులోకి వస్తారు: 1.8 దాకా. మూడోది ప్రాక్టీస్ స్క్వాడ్, అంటే సాధనకు ఉంచుకునే అదనపు ఆటగాళ్లు. 16 మందికి 2025లో కనీసం వారానికి 13,000 డాలర్ల చొప్పున 18 వారాలకు 3.7 అవుతుంది. నాలుగోది గాయాలు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇంజర్డ్ రిజర్వ్‌లో (గాయపడ్డవాళ్ల జాబితాలో) పెట్టినవాడి జీతం క్యాప్‌లోంచి తొలగదు. అతని బదులు తెచ్చినవాడి జీతం పైన కలుస్తుంది. ఐదారుగురు గాయపడటం మామూలే కాబట్టి కనీసం 6 ఉంచుకోవాలి. ఈ నాలుగూ కలిపి 16.3. ఇప్పుడు చేతిలో నిజంగా ఉన్నది 6.2. డిఫెన్స్‌లో ఒక మధ్యస్థాయి కార్నర్‌బ్యాక్‌ను తెచ్చుకోవచ్చు, అంతే. మార్చిలో పేరున్న ఆటగాళ్ల మీద జట్టు ఎందుకు ఎగబడలేదో ఈ అంకె చెబుతుంది.

రీస్ట్రక్చర్: ఎవరి మీద చేయాలి, ఎవరి మీద చేయకూడదు

చోటు చాలనప్పుడు అందరూ ముందు పట్టుకునేది ఇదే. పైన చెప్పిన ఎడ్జ్ రషర్‌కి రెండో ఏడాది బేస్ శాలరీ 12. అందులో కనీస జీతానికి సరిపడా 1.2 ఉంచి, మిగతా 10.8ని సైనింగ్ బోనస్‌గా మార్చేస్తారు. (నాలుగు నుంచి ఆరేళ్ల అనుభవం ఉన్నవాడికి 2025లో కనీసం 1.17 ఇవ్వాలి. అంతకన్నా దించడానికి వీల్లేదు.) ఆటగాడికి డబ్బు తగ్గదు, ముందే చేతికొస్తుంది, అందుకే ఎవరూ అభ్యంతరం చెప్పరు. చాలా కాంట్రాక్టుల్లో ఆటగాణ్ని అడగకుండానే మార్చుకునే హక్కు జట్టుకు ముందే రాసి ఉంటుంది కూడా.

10.8ని మిగిలిన మూడేళ్లకు పంచితే ఏడాదికి 3.6. రెండో ఏడాది క్యాప్ హిట్ 19.5 నుంచి 12.3కి దిగింది. 7.2 చోటు దొరికింది. మూడో ఏడాది 24.5 కాస్తా 28.1, నాలుగో ఏడాది 26.5 కాస్తా 30.1. చీటీ ముందే పాడుకున్నట్టు: డబ్బు ఇప్పుడు చేతిలో ఉంటుంది, కంతులు చివరిదాకా కట్టాల్సిందే.

అసలు దెబ్బ కట్ చేసేటప్పుడు తగులుతుంది. రీస్ట్రక్చర్ చేయకముందు మూడో ఏడాది మొదట్లో పంపేస్తే 9.5 మిగిలేది. ఇప్పుడు డెడ్ మనీ 15కి 7.2 కలిసి 22.2. మిగిలేది 28.1 మైనస్ 22.2, అంటే 5.9. ఆ ఆటగాడు మోకాలు దెబ్బ తగిలి నెమ్మదించినా మీరు వదిలించుకోలేని స్థితికి మీరే వచ్చారు. అందుకని ఒక కచ్చితమైన నియమం పెట్టుకోండి: కాంట్రాక్టు చివరి ఏడాది దాకా ఉంచుకుంటారని రూఢిగా తెలిసినవాళ్ల మీదే రీస్ట్రక్చర్. క్వార్టర్‌బ్యాక్, 27 ఏళ్లలోపు లెఫ్ట్ ట్యాకిల్, మంచి వయసులో ఉన్న కార్నర్. 30 దాటిన రన్నింగ్ బ్యాక్ మీద ఎన్నటికీ వద్దు. 31 ఏళ్ల రిసీవర్ మీద చేసి రెండేళ్ల తర్వాత వగచే జట్లు ఎప్పుడూ ఉంటాయి.

రీస్ట్రక్చర్ మీదే ఏళ్ల తరబడి బతికిన జట్టు న్యూ ఆర్లీన్స్ సెయింట్స్. క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ ఉన్నన్నాళ్లూ ప్రతి ఏడాదీ భారాన్ని ముందుకు నెట్టారు. క్యాప్ ఏటా పెరుగుతుంది కాబట్టి రేపటి 10 ఇవాళ్టి 10 కన్నా చిన్నది అనేది వాళ్ల నమ్మకం. నమ్మకంలో తప్పు లేదు. కానీ 2021లో కొవిడ్ వల్ల క్యాప్ 198.2 నుంచి 182.5కి పడిపోయింది. కొత్త లీగ్ ఏడాది మొదలవకముందు, ఆ చలికాలంలో సెయింట్స్ హద్దుకు దాదాపు 100 మిలియన్ల పైన ఉన్నారు. బ్రీస్ రిటైరయ్యే ముందు తన 25 మిలియన్ల జీతాన్ని కనీస స్థాయి 1.075కి తగ్గించుకున్నాడు. మార్చిలో వీడ్కోలు చెప్పినా కాగితాల మీద రిటైర్మెంట్‌ను జూన్ దాకా ఆపారు, మిగిలిన బోనస్ రెండేళ్ల మీద పడేలా. అంత సహకరించే ఆటగాడు అందరికీ దొరకడు.

వాయిడ్ ఇయర్స్, ఆప్షన్ బోనస్

బోనస్‌ను ఐదేళ్లకు పంచవచ్చు కదా, కాంట్రాక్టేమో నాలుగేళ్లే. అలాంటప్పుడు చివర ఒక ఉత్తుత్తి ఏడాది తగిలిస్తారు. ఆటగాడు ఆ ఏడాది ఆడడు, ఫలానా తేదీకి కాంట్రాక్టు దానంతటదే రద్దవుతుంది. మన ఎడ్జ్ రషర్‌కి ఒక వాయిడ్ ఇయర్ కలిపితే 30ని ఐదుతో భాగించి ఏడాదికి 6. క్యాప్ హిట్‌లు 8, 18, 23, 25, అతను వెళ్లిపోయాక ఐదో ఏడాది 6. మొత్తం మళ్లీ 80. పట్టికలో ఈ 6కి వేరే రంగు వేసుకోండి. ఆటగాడి పేరు జాబితాలో లేని ఏడాది కాబట్టి ఇది కంటికి ఆనదు. రద్దయ్యే తేదీలోపు కొత్త కాంట్రాక్టు కుదిరితే పాత వాటాలు ఎప్పటిలా ఏటా పడతాయి. తేదీ దాటాక కుదిరినా లాభం లేదు, మిగిలిన వాటాలన్నీ ఒక్క ఏడాది నెత్తిన పడతాయి.

ఫిలడెల్ఫియా ఈగల్స్ జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్ ఈ పద్ధతిని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లాడు. క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌తో 2023లో ఐదేళ్లకు 255 మిలియన్ల ఒప్పందం చేసుకుని, బేస్ శాలరీని కనీస స్థాయిలో ఉంచి, ఏటా ఒక ఆప్షన్ బోనస్ ఇచ్చేలా రాశాడు. ఆప్షన్ బోనస్‌ను కూడా సైనింగ్ బోనస్‌లాగే పంచుతారు, అయితే ఇచ్చిన ఏడాది నుంచి కొత్తగా ఐదేళ్లు లెక్క. అంత పెద్ద ఒప్పందం ఉన్న హర్ట్స్ 2024 క్యాప్ హిట్ సుమారు 13.5 మాత్రమే. ఆ సీజన్‌లోనే ఈగల్స్ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచారు. ఇది ఎవరికి పడితే వాళ్లకు నప్పదు. యజమాని ప్రతి మార్చిలోనూ పెద్ద చెక్కులు రాయాలి, డ్రాఫ్ట్ బాగా చేసి చవక ఆటగాళ్లను తెస్తూనే ఉండాలి. ఈ రెంటిలో ఒకటి తప్పినా నాలుగో ఏడాదికి భారం తడిసి మోపెడవుతుంది.

జూన్ 1 మెలిక

జూన్ 1 తర్వాత కట్ చేస్తే ఆ ఏడాది వాటా ఆ ఏడాదే పడుతుంది, మిగతావన్నీ వచ్చే ఏడాదికి వెళతాయి. రీస్ట్రక్చర్ చేసిన మన ఆటగాడికి 22.2 బదులు మూడో ఏడాది 11.1, నాలుగో ఏడాది 11.1. మూడో ఏడాది మిగులు 17, అంటే గ్యారంటీ లేని బేస్ శాలరీ మొత్తం. మార్చిలోనే వదిలేసి జూన్ తర్వాత వదిలినట్టు రాయించుకునే వీలు కూడా ఉంది, జట్టుకు ఏడాదికి ఇద్దరి దాకా. విల్సన్‌ను డెన్వర్ అలాగే వదిలింది.

ఇందులో ఒక చిక్కుంది. అలా గుర్తించినా జూన్ 2 దాకా పాత క్యాప్ హిట్ మొత్తం పద్దులోనే కూర్చుంటుంది. మార్చిలో ఫ్రీ ఏజెంట్లను (కాంట్రాక్టు ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగలిగేవాళ్లను) కొనడానికి ఆ 17 దొరకదు. రూకీలను సంతకం చేయించడానికీ సీజన్ నిల్వకీ పనికొస్తుంది. ట్రేడ్‌కి, అంటే ఆటగాణ్ని ఇంకో జట్టుకు ఇచ్చి మారకం తీసుకోవడానికి, ఈ సౌకర్యం లేదు. నిజంగా జూన్ 1 దాటాకే ట్రేడ్ చేయాలి, అప్పటికి డ్రాఫ్ట్ అయిపోయి ఉంటుంది, ఆ ఏడాది పిక్స్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతులు) రావు. 2022 మార్చిలో క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయాన్‌ను ట్రేడ్ చేసినప్పుడు అట్లాంటా 40.5 మిలియన్ల డెడ్ మనీని ఒకే ఏడాదిలో మింగింది. అదే తెలివైన పని కూడా. జట్టును తిరిగి కట్టుకునే ఏడాదిలోనే పాత బాకీలన్నీ తీర్చేసుకుంటే తర్వాతి పట్టిక శుభ్రంగా ఉంటుంది. గెలిచే అవకాశం లేని ఏడాదిలో డెడ్ మనీని రెండు ముక్కలు చేసి ఒరిగేదేమీ లేదు.

ఫ్రాంచైజ్ ట్యాగ్

కాంట్రాక్టు ముగిసిన ఒక్క ఆటగాణ్ని ఏడాదిపాటు ఆపుకునే హక్కు జట్టుకుంటుంది. ఆ స్థానంలో అత్యధిక జీతాల ఐదింటి ఆధారంగా కట్టిన అంకె, లేదా అతని నిరుటి జీతం మీద 120 శాతం, ఏది ఎక్కువైతే అది. అదే ఆటగాడికి రెండోసారి వేస్తే కనీసం 120 శాతం, మూడోసారి 144. సిన్సినాటి రిసీవర్ టీ హిగిన్స్‌కి 2024లో 21.816, 2025లో రెండో ట్యాగ్ 26.179. ట్యాగ్ వేసిన క్షణం నుంచే, అతను సంతకం చేయకపోయినా, మొత్తం అంకె క్యాప్‌లో పడిపోతుంది, బోనస్‌లా పంచడం కుదరదు. సిన్సినాటి అదే మార్చిలో నాలుగేళ్ల ఒప్పందం కుదుర్చుకుని బయటపడింది. అలాంటి ఒప్పందానికి గడువు జూలై నడిమి దాకా ఉంటుంది (2025లో జూలై 15), కానీ అప్పటిదాకా ఆగితే ఫ్రీ ఏజెన్సీ అంతా ఆ 26 మీద కూర్చున్న జట్టుకు చేతులు కట్టేసినట్టే.

క్వార్టర్‌బ్యాక్‌కి రెండుసార్లు ట్యాగ్ వేయడం మా దృష్టిలో మొదటి ఏడాదే తీసుకోవాల్సిన నిర్ణయాన్ని వాయిదా వేయడమే. కర్క్ కజిన్స్‌కి వాషింగ్టన్ 2016లో 19.95, 2017లో 23.94 ఇచ్చింది. మూడోది 34.5 దగ్గర తేలేది, వేయలేకపోయింది. 2018లో అతను మూడేళ్లకు 84 మిలియన్ల పూర్తి గ్యారంటీతో మిన్నెసోటాకి వెళ్లిపోయాడు.

చవక ఆటగాళ్లే వెన్నెముక

2024లో క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌తో డల్లాస్ ఏడాదికి సగటున 60 మిలియన్లకు ఒప్పుకుంది. 279.2లో అది 21 శాతం పైచిలుకు. మిగతా 79 శాతంలో 52 మంది సర్దుకోవాలి. దీనికి విరుగుడు రూకీ కాంట్రాక్టులు: డ్రాఫ్ట్ అయినవాడికి నాలుగేళ్లు, మొదటి రౌండ్ వాడికి ఐదో ఏడాది ఆప్షన్. మూడు సీజన్లు పూర్తయ్యేదాకా జీతం పెంచమని అడగడానికి కూడా వీల్లేదు. 2022 డ్రాఫ్ట్‌లో చిట్టచివరి 262వ ఆటగాడు బ్రాక్ పర్డీ 2023లో 0.87 జీతంతో శాన్ ఫ్రాన్సిస్కోను సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు. 2025 మేలో అదే పర్డీకి ఐదేళ్లకు 265. మధ్యలో ఉన్న ఆ రెండు మూడేళ్లే జట్టుకు దొరికే బంగారు కాలం. డెన్వర్ 53 డెడ్ మనీ మోస్తూ కూడా 2024లో ప్లేఆఫ్స్‌కి వెళ్లింది, ఎందుకంటే క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్ రూకీ జీతం మీద ఉన్నాడు.

53లో సగానికి దగ్గరగా రూకీ లేదా కనీస జీతాల మీద ఉండేలా చూడండి. అనుభవజ్ఞుల్ని కూడా చవకగా తెచ్చే దారి ఉంది. ఏడేళ్లు దాటినవాడి కనీస జీతం 2025లో 1.255. ఒక్క ఏడాది కనీస ఒప్పందం అయితే క్యాప్‌లో రెండేళ్ల అనుభవం ఉన్నవాడి అంకె 1.03 మాత్రమే పడుతుంది. నలుగురిని అలా తెస్తే 0.9 మిగిలినట్టు, అంటే ఇంకో ఆటగాడు. సీజన్ మొదటి వారంలో జట్టులో ఉన్న నాలుగేళ్ల పైబడ్డ ఆటగాడికి ఆ ఏడాది బేస్ శాలరీ దాదాపు గ్యారంటీ అయినట్టే. అందుకే జట్లు ఆగస్టు చివర్లో కొందరిని వదిలేసి మొదటి ఆట అయ్యాక మళ్లీ పిలుస్తాయి. ఆటగాడు మాట నమ్మాలి, ఏజెంట్‌తో ముందే మాట్లాడుకోవాలి.

ఇంకో చిన్న లాభం: వేరే జట్టు కట్ చేసినవాణ్ని తీసుకుంటే మీ కాంపెన్సేటరీ డ్రాఫ్ట్ పిక్స్ (ఆటగాళ్లు వెళ్లిపోయినందుకు లీగ్ అదనంగా ఇచ్చే వంతులు) లెక్క చెడదు. కాంట్రాక్టు ముగిసి వచ్చినవాణ్ని తీసుకుంటే చెడవచ్చు. డ్రాఫ్ట్ తర్వాతి సోమవారం దాటాక ఎవర్ని తీసుకున్నా లెక్కలోకి రాదు. మూడో రౌండ్ పిక్ చేతిలో ఉండబోతుంటే ఏప్రిల్‌లో రెండు వారాలు ఓపిక పట్టండి.

ఇన్సెంటివ్‌లు ఎలా రాయాలి

నిరుడు సాధించినదాన్నే షరతుగా పెడితే అది "జరగవచ్చు" కింద ఈ ఏడాది క్యాప్‌లో పడుతుంది. నిరుటికన్నా ఎక్కువ అడిగితే "జరగకపోవచ్చు" కింద ఇప్పుడు సున్నా, సాధిస్తే వచ్చే ఏడాది కోత. నిరుడు 8 శాక్‌లు (ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను బంతితో సహా పడగొట్టడం) తీసినవాడికి 8కి మిలియన్ అంటే ఇప్పుడే మిలియన్ పోతుంది. 9కి మిలియన్ అంటే ఇప్పుడు ఖర్చేమీ లేదు. గాయాల చరిత్ర ఉన్నవాడికి ఆటకు 0.1 చొప్పున 17 ఆటలకు 1.7 రోస్టర్ బోనస్ పెట్టండి. నిరుడు 10 ఆటలే ఆడి ఉంటే ఇప్పుడు క్యాప్‌లో పడేది 1.0. ఆడకపోతే జట్టుకు డబ్బు మిగులుతుంది, ఆడితే ఇవ్వడానికి ఎవరికీ బాధ ఉండదు.

సీజన్‌లో

మొదటి వారం నుంచి 51 నియమం పోయి అందరూ లెక్కలోకి వస్తారు. జీతాలు 18 వారాలకు సమానంగా పడతాయి కాబట్టి తొమ్మిదో వారం తర్వాత మంగళవారం ట్రేడ్ గడువు నాటికి 18 మిలియన్ల బేస్ శాలరీ ఉన్న ఆటగాణ్ని తెచ్చుకుంటే మీకు తగిలేది మిగిలిన తొమ్మిది వారాల 9 మాత్రమే. బోనస్ వాటాలు పంపిన జట్టు దగ్గరే ఉండిపోతాయి. ఆ 9 కూడా భరించలేకపోతే ట్రేడ్‌కి ముందే పంపే జట్టు చేత జీతంలో కొంత బోనస్‌గా మార్పించండి. ఆ మేరకు ఇంకాస్త మంచి పిక్ అడుగుతారు, తప్పదు. హద్దు దాటే కాంట్రాక్టును లీగ్ ఆఫీసు అసలు ఆమోదించదు కాబట్టి లీగ్ ఏడాది మొదలయ్యాక ఏ రోజు చూసినా పద్దు హద్దు కింద ఉండాల్సిందే.

డిసెంబర్‌కి నిల్వలోంచి వాడని సొమ్మెంతో తెలుస్తుంది. దాన్ని ఆఖరి వారాల్లో ఖర్చుపెట్టాలని చూడకండి. అందులోంచి యువ ఆటగాడికి పొడిగింపు కుదిర్చి బోనస్ మొదటి వాటాను ఈ ఏడాదే పడేయడం మంచి వాడకం, లేకపోతే లీగ్‌కి తెలిపి మొత్తాన్ని వచ్చే ఏడాదికి తీసుకెళ్లండి. చివరి ఆట అయ్యాక సాధించిన ఇన్సెంటివ్‌లు సరిచూసి, వాయిడ్ తేదీలు ఫిబ్రవరి, మార్చిలో ఎవరెవరివి ఉన్నాయో గుర్తుపెట్టి, కొత్త మూడో ఏడాదిని పట్టికకు కుడివైపున చేర్చండి.